అనబీనాలో పది కణాలకొక హెటరోసిస్ట్: పాట్‌ఎస్ పెప్టైడ్ ఏం చేస్తుంది, ఫ్లాస్కులో వేస్తే ఎందుకు పనిచేయట్లేదు?

మీ ప్రశ్నలో ప్రధానంగా రెండు విషయాలున్నాయి, చివర పొలం గురించి ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది. నత్రజని లేని మాధ్యమంలో అనబీనా పీసీసీ 7120 అనే నీలి ఆకుపచ్చ నాచు (సైనోబాక్టీరియా) తంతువు మీద దాదాపు పది కణాలకొకటి చొప్పున హెటరోసిస్ట్, అంటే గాలి నత్రజనిని స్థిరీకరించే ప్రత్యేక కణం, వస్తుంది కదా, అంత దూరాన్ని పాట్‌ఎస్‌లోని ఐదు అమైనో ఆమ్లాల ముక్క ఎలా కొలుస్తుందన్నది మొదటిది. అదే పెప్టైడ్‌ను కొని 1 మైక్రోమోలార్ గాఢతలో కల్చర్‌లో వేసినా మీకు హెటరోసిస్టులు ఎందుకు వస్తున్నాయన్నది రెండోది.

పెప్టైడ్ దూరాన్ని కొలవదు. హెటరోసిస్ట్‌గా మారబోతున్న కణమే దాన్ని తయారుచేసి ఇరుపక్కల కణాలకు పంపుతుంది. అక్కడ అది, కణాన్ని హెటరోసిస్ట్‌గా మార్చే హెట్‌ఆర్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. మూలానికి దూరమయ్యేకొద్దీ పెప్టైడ్ పలచబడుతుంది. హెట్‌ఆర్‌ను ఆపలేనంత పలచబడ్డ చోట ఇంకో కణానికి మారే అవకాశం దొరుకుతుంది. అంటే ఆ "పది" అనే అంకె ఎక్కడా రాసిపెట్టి లేదు. పెప్టైడ్ ఎంత తయారవుతోంది, కణం నుంచి కణానికి ఎంత సులువుగా వెళ్తోంది, ఎంత త్వరగా ఖర్చయిపోతోంది అనే మూడింటి లెక్క అది.

రెండో ప్రశ్నకు: నూటికి తొంభై పాళ్ళు పెప్టైడ్ ఆలస్యంగా వేసి ఉంటారు, లేదా తూకంలో లవణం బరువు లెక్కలోకి తీసుకోకపోయి ఉంటారు. వివరాలు కింద రాస్తాను. ముందు యంత్రాంగం అర్థమైతే ఎక్కడ తప్పు జరిగిందో మీకే కనిపిస్తుంది.

గాలి నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ నీలి ఆకుపచ్చ నాచు కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ వదులుతుంది. ఈ రెండు పనులనూ అనబీనా వేర్వేరు కణాలకు పంచింది. హెటరోసిస్ట్‌లో ఆక్సిజన్ విడుదల ఆగిపోతుంది. కణం చుట్టూ అదనంగా రెండు పొరలు వస్తాయి, లోపల గ్లైకోలిపిడ్, బయట పాలిశాకరైడ్. అది పక్క కణాల నుంచి చక్కెర తీసుకుని, బదులుగా స్థిరీకరించిన నత్రజనిని ఇస్తుంది. ఒకసారి హెటరోసిస్ట్‌గా మారిన కణం మళ్ళీ విభజన చెందదు. అందుకే ఏ కణం మారాలన్నది తంతువుకు చావు బతుకుల లెక్క. ఎక్కువైతే పోషించే కణాలు చాలవు, తక్కువైతే నత్రజని చాలదు.

నత్రజని కరువైనప్పుడు కణంలో 2-ఆక్సోగ్లూటరేట్ అనే చిన్న అణువు పేరుకుంటుంది. దాన్ని ఎన్‌టీసీఏ అనే నియంత్రక ప్రోటీన్ గుర్తించి, మధ్యలో ఎన్‌ఆర్‌ఆర్‌ఏ ద్వారా హెట్‌ఆర్ జన్యువును పెంచుతుంది. హెట్‌ఆర్‌ను 1991లో బ్యుకెమా, హాసెల్‌కార్న్ బయటపెట్టారు. అది లేకపోతే హెటరోసిస్టే లేదు. మామూలు తంతువులో దాని ప్రతులు పెంచితే నైట్రేట్ ఉన్నా హెటరోసిస్టులు వస్తాయి. హెట్‌ఆర్ జంటగా కలిసి డీఎన్‌ఏను పట్టుకుని తన జన్యువునే ఇంకా పెంచుకుంటుంది. అదే సమయంలో పాట్‌ఎస్ జన్యువును కూడా లేపుతుంది. ఈ రెండో పనిలోనే కిటుకంతా ఉంది. తనను తాను పెంచుకునే ప్రోటీనే తన నిరోధకాన్ని కూడా తయారుచేయిస్తుంది, ఆ నిరోధకం మాత్రం పక్కింటికి పోతుంది.

పాట్‌ఎస్‌ను 1998లో యూన్, గోల్డెన్ ప్రకటించారు. 17 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ అది. చివరి ఐదు ఆర్జినిన్-గ్లైసిన్-సెరిన్-గ్లైసిన్-ఆర్జినిన్, ఏకాక్షరాల్లో ఆర్‌జీఎస్‌జీఆర్. ఆ చివరి ఐదింటిలో మార్పు వస్తే నిరోధం పోతుంది. ఆ ఐదింటినే కృత్రిమంగా తయారుచేసి మాధ్యమంలో వేస్తే హెటరోసిస్టులు ఆగిపోతాయి. 2004లో హువాంగ్, డాంగ్, జావో ఈ పెప్టైడ్ హెట్‌ఆర్ డీఎన్‌ఏను పట్టుకోకుండా చేస్తుందని చూపించారు. తర్వాత హెట్‌ఆర్ స్ఫటిక నిర్మాణాలు వచ్చాక పెప్టైడ్ కూర్చునే చోటు కూడా తెలిసింది. ముందు ఒక గ్లూటమిక్ ఆమ్లం చేర్చిన ఆరు అమైనో ఆమ్లాల ముక్క ఐదింటి ముక్క కన్నా గట్టిగా అంటుకుంటుంది. కొత్తగా ఆర్డర్ పెట్టబోతున్నారా? పరీక్షనాళికలో బంధన కొలతకు ఆరుది తీసుకోండి. జీవకణాల మీద పాత ఫలితాలతో పోల్చడానికి ఐదుది ఉంచుకోండి.

పెప్టైడ్ కేవలం హెట్‌ఆర్‌ను డీఎన్‌ఏ నుంచి విడదీసి ఊరుకోదు. 2009లో రిస్సర్, కలహాన్ చూపినదాని ప్రకారం నిరోధకం ఉన్న కణాల్లో హెట్‌ఆర్ త్వరగా క్షీణిస్తుంది. హెటరోసిస్ట్ పక్కన హెట్‌ఆర్ తక్కువగా, దూరం పోయేకొద్దీ ఎక్కువగా ఉండే వాలు కనిపించింది. హెటరోసిస్ట్ చుట్టూ ఒక నిరోధక వలయం ఉండాలని వోల్క్ 1967లోనూ, విల్‌కాక్స్, మిచిసన్, స్మిత్ 1973లోనూ తంతువుల మీద ప్రయోగాలు చేసి వాదించారు. అప్పటికి అణువు పేరు తెలియదు. సిద్ధాంతపరంగా ఇది ట్యూరింగ్ 1952లో, గీరర్, మైన్‌హార్ట్ 1972లో చెప్పిన పద్ధతికి దగ్గర, అంటే దగ్గరలో తనను తాను పెంచుకునే ఉత్తేజకం, దూరం దాకా వ్యాపించే నిరోధకం. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ తంతువు పెరుగుతూనే ఉంటుంది. మధ్యలోని శాకీయ కణాలు (హెటరోసిస్టులు కాని మామూలు కణాలు) విభజన చెంది, రెండు హెటరోసిస్టుల మధ్య దూరం రెట్టింపు అవుతున్న కొద్దీ నడిమి భాగంలో పెప్టైడ్ పలచబడి అక్కడ కొత్త హెటరోసిస్ట్ పుడుతుంది. నిశ్చలంగా గీసిన బొమ్మల్లో ఇది కనిపించదు.

ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. పాట్‌ఎస్ ఒక్కటే నిరోధకం కాదు. పాట్‌ఎస్ తొలి క్రమాన్ని ఏర్పరుస్తుంది. దాన్ని నిలబెట్టేది ప్రధానంగా హెట్‌ఎన్. హెట్‌ఎన్ చిన్న పెప్టైడ్ కాదు, కీటోఎసిల్ రిడక్టేజ్ కుటుంబపు పూర్తి ప్రోటీన్. కానీ దాని మధ్యలో అవే ఐదు అక్షరాలు, ఆర్‌జీఎస్‌జీఆర్, ఉన్నాయి. ఆ ముక్క మారిస్తే నిరోధం పోతుంది. మూడోది పాట్‌ఎక్స్. దీన్ని ఎల్హై, ఖుద్యకోవ్ 2018లో ముందుకు తెచ్చారు. ఇందులో సెరిన్ బదులు థ్రియోనిన్ ఉంటుంది. పాట్‌ఎక్స్ హెటరోసిస్టులు లేని తంతు జాతుల్లో కూడా హెట్‌ఆర్‌తో పాటు కనిపిస్తుంది. కాబట్టి ఈ జోడీ హెటరోసిస్ట్ కన్నా పాతదని వాళ్ళు వాదించారు. నాకు ఈ వాదన నచ్చుతుంది. పాట్‌ఎస్, హెట్‌ఎన్ రెండూ తీసేస్తే హెటరోసిస్టులు ప్రాణం తీసేంతగా పెరుగుతాయని 2005లో తేలింది. మూడూ తీసేసినా ప్రాణాంతకమేనని 2020లో వచ్చింది.

దీనివల్ల మీకు ఒక ప్రయోజనం ఉంది. ఉత్పరివర్తకాన్ని (ఏదో జన్యువు దెబ్బతిన్న రకాన్ని) చూసి ఏ జన్యువు పోయిందో సమయాన్ని బట్టి ఊహించవచ్చు. పాట్‌ఎస్ పోతే, నత్రజని తీసేసిన 24 గంటలకే పక్కపక్కన రెండు, మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ హెటరోసిస్టులు గొలుసుగా వస్తాయి. రోజులు గడిచేకొద్దీ ఆ క్రమం కొంత సర్దుకుంటుంది, ఎందుకంటే హెట్‌ఎన్ రంగంలోకి దిగుతుంది. అప్పటికే తయారైన నత్రజని పదార్థాలు కూడా నిరోధానికి తోడవుతాయి. హెట్‌ఎన్ పోతే 24 గంటలకు మామూలుగానే ఉంటుంది, 48 గంటలకు గొలుసులు మొదలవుతాయి. అందుకే 24 గంటలకే చూసి "మార్పేమీ లేదు" అని రాసేయకండి. 24, 48, 72 గంటలకు మూడుసార్లు చూడాలి. పాట్‌ఎస్ ఉత్పరివర్తకం నైట్రేట్ ఉన్న బీజీ-11 అనే పెంపక మాధ్యమంలో కూడా కొన్ని హెటరోసిస్టులు చేస్తుంది. మామూలు తంతువు చేయదు. ఒక్క చూపులో తేడా పట్టడానికి ఇది మంచి పరీక్ష. పాట్‌ఏ పోతే ఇంకోలా, హెటరోసిస్టులు దాదాపుగా తంతువు కొసల్లోనే వస్తాయి.

మరి తయారుచేసే కణం తనను తాను ఎందుకు ఆపుకోదు? చాలామంది ఇదే అడుగుతారు. ఇప్పటికి ఉన్న ఆధారాల ప్రకారం పాట్‌ఎస్ పూర్తి రూపంలో పుట్టి, కత్తిరింపు పూర్తయి, పొరల మీదుగా బయటికి వెళ్ళే దారిలో చురుకైన ముక్కగా మారుతుంది. హెట్‌సీ అనే ఏబీసీ ఎగుమతి ప్రోటీన్ ఈ దారిలో పాత్ర వహిస్తుంది. దానికితోడు ఆ కణంలో హెట్‌ఆర్ ఎక్కువగా ఉంటుంది, పాట్‌ఏ, హెట్‌ఎఫ్ దానికి అండగా ఉంటాయి. హెట్‌ఆర్‌లోనే 223వ ఆర్జినిన్ ట్రిప్టోఫాన్‌గా మారితే (ఖుద్యకోవ్, గోల్డెన్, 2004) అది పాట్‌ఎస్‌కూ హెట్‌ఎన్‌కూ లొంగదు. అనుమానం ఉన్న ప్రతి నిరోధకానికీ ఆ రకాన్ని కంట్రోల్‌గా పెట్టుకోండి. మీ పదార్థం ఆ రకంలో కూడా హెటరోసిస్టులను ఆపుతుంటే, అది పాట్‌ఎస్‌లా హెట్‌ఆర్‌ను పట్టుకుని కాక వేరే దారిలో, బహుశా విషప్రభావం వల్ల, ఆపుతోందన్నమాట.

పక్క కణానికి వెళ్ళే దారి కూడా చూడాలి. కణాల నడుమ అడ్డుగోడలోని పెప్టిడోగ్లైకాన్‌లో నానో రంధ్రాలు, వాటి గుండా సెప్‌జే, ఫ్రాసీ, ఫ్రాడీ ప్రోటీన్లతో ముడిపడిన సంధులు ఉంటాయి. కాల్సీన్ అనే ప్రకాశించే రంగును కణాల్లోకి ఎక్కించి, ఒక కణంలో లేజరుతో రంగు పోగొడితే, పక్క కణాల రంగు దానిలోకి ఎంత వేగంగా నిండుతుందో చూసి ఈ దారిని కొలుస్తారు. సంధులు లేని ఉత్పరివర్తకాల్లో తంతువు సులువుగా తునిగిపోతుంది, హెటరోసిస్ట్ క్రమం కూడా మారుతుంది. తునిగిన తంతువు మీద దూరాలు లెక్కపెట్టి "పాట్‌ఎస్ ప్రసారం దెబ్బతింది" అని రాయకూడదు. అక్కడ దూరమే ముక్కలైంది.

ఒక పేరు గందరగోళం కూడా చెప్పాలి. హెట్‌ఎల్ అనే ప్రోటీన్‌లో "పెంటాపెప్టైడ్ పునరావృతాలు" ఉంటాయి. ఈ ఐదక్షరాలకూ పాట్‌ఎస్ ఐదక్షరాలకూ సంబంధం లేదు. హెట్‌ఎల్ ఎక్కువైతే నిరోధం తగ్గుతుంది, అంటే పని కూడా వ్యతిరేకం.

ఇక మీ ప్రయోగం. ఇన్నాక్యులం (ప్రయోగం మొదలుపెట్టే కణాలు) దేని మీద పెంచారన్నదే మొదటి ప్రశ్న. నైట్రేట్ (లీటరుకు 1.5 గ్రాముల సోడియం నైట్రేట్, 17.6 మిల్లీమోలార్) మీద పెంచినా ఫర్వాలేదు, కానీ కణాలన్నీ ఒకే స్థితి నుంచి మొదలవ్వాలంటే అమ్మోనియం మీద పెంచడం మంచిది. అమ్మోనియం క్లోరైడ్ 2.5 మిల్లీమోలార్, టీఈఎస్ బఫర్ 5 మిల్లీమోలార్, పీహెచ్ 7.5 నుంచి 8. బఫర్ లేకుండా అమ్మోనియం పెడితే మాధ్యమం ఆమ్లంగా మారి కణాలు పసుపు తిరుగుతాయి. 30 డిగ్రీలు, మరీ తీక్షణం కాని తెల్లని కాంతి, మృదువైన కుదుపు. ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) 750 నానోమీటర్ల దగ్గర 0.3 నుంచి 0.5 ఉన్నప్పుడు, పెరుగుదల చురుగ్గా ఉన్నప్పుడే తీయాలి. ముదిరిన కల్చర్ తీసుకుంటే కణాలు ఆలస్యంగా స్పందిస్తాయి, గంటల లెక్కలన్నీ తప్పుతాయి.

కడగడంలో చాలామంది తప్పుతారు. బీజీ-11₀ అంటే నత్రజని లేని బీజీ-11. అందులో సోడియం నైట్రేట్ తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. ఇనుముకు వాడే ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌లో (లీటరుకు 6 మిల్లీగ్రాములు) అమ్మోనియం ఉంది, సూక్ష్మమూలకాల్లోని కోబాల్ట్ నైట్రేట్‌లో నైట్రేట్ ఉంది. వీటి మోతాదు చిన్నదే. అయినా శుభ్రమైన ప్రయోగానికి ఫెర్రిక్ సిట్రేట్, కోబాల్ట్ క్లోరైడ్ వాడండి. మూడుసార్లు కడగండి, సెంట్రిఫ్యూజ్ నెమ్మదిగా, కొద్ది నిమిషాలే తిప్పండి. గుళికను వోర్టెక్స్ మీద పెట్టకండి, సన్న మూతి పిపెట్‌తో పైకి కిందికి లాగకండి. వెడల్పు మూతి పిపెట్‌తో మెల్లగా కదిపితే తంతువులు నిలుస్తాయి. తునిగిన తంతువుల్లో కొసలు ఎక్కువవుతాయి, మీ లెక్కలో కొసల హెటరోసిస్టులు పెరుగుతాయి. ఆ పెరుగుదల పెప్టైడ్ పని కాదు, మీ చేతి పని.

పెప్టైడ్‌ను సున్నా గంట దగ్గరే, కడగడం పూర్తయిన వెంటనే వేయాలి. నత్రజని తీసేసిన మూడు నాలుగు గంటల్లోనే హెట్‌ఆర్ కొన్ని కణాల్లో ప్రత్యేకంగా పెరగడం మొదలవుతుంది. ఎనిమిది తొమ్మిది గంటల తర్వాత వెనక్కి తిరగని దశ మొదలై పద్నాలుగో గంట నాటికి ఎక్కువ కణాలు నిర్ణయం తీసేసుకుంటాయి. అప్పుడు పెప్టైడ్ వేసినా, అమ్మోనియం వేసినా అవి ఆగవు. సాయంత్రం కడిగి మర్నాడు ఉదయం పెప్టైడ్ వేయడం చాలా ల్యాబుల్లో జరిగేదే. మీరూ అలాగే చేసి ఉంటే మీ ఫలితానికి కారణం అదే.

తర్వాత తూకం. ఆర్‌జీఎస్‌జీఆర్ అణుభారం దాదాపు 531.6. లెక్కలో 1 మిల్లీలీటరులో 0.53 మిల్లీగ్రాము వేస్తే 1 మిల్లీమోలార్ స్టాక్. కానీ కంపెనీలు ఇచ్చే పొడి సాధారణంగా ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్ల లవణం. ఈ పెప్టైడ్‌లో రెండు ఆర్జినిన్‌లు, ఒక అమైనో కొస ఉన్నాయి కాబట్టి మూడు ట్రైఫ్లోరోఎసిటేట్ అణువులు అంటుకోవచ్చు. ఒక్కొక్కటి 114. అప్పుడు ఒక అణువు బరువు దాదాపు 874 అవుతుంది. అంటే మీరు తూచిన మిల్లీగ్రాములో నిజమైన పెప్టైడ్ 0.61 మిల్లీగ్రామే, నీటిశాతం ఉంటే ఇంకా తక్కువ. 1 అనుకున్నది 0.6 మైక్రోమోలార్ అవుతుంది. కంపెనీ ఇచ్చిన పత్రంలో నికర పెప్టైడ్ శాతం ఎంతుందో చూసి దాని ప్రకారం తూచండి. నీళ్ళలో కరిగించి, వడపోసి, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 20లో పెట్టండి. కరిగించి గడ్డకట్టించడం పదేపదే చేయకండి. ఒకే గాఢతతో సరిపెట్టకుండా 0.1, 0.3, 1, 3 మైక్రోమోలార్ వరుస పెడితే స్పందన వంపు కనిపిస్తుంది, అప్పుడు తూకం కాస్త తప్పినా తెలిసిపోతుంది.

కంట్రోల్స్ నాలుగు ఉండాలి. ఏమీ వేయనిది, అవే ఐదు అమైనో ఆమ్లాలను వరుస మార్చి కట్టిన పెప్టైడ్, పెప్టైడ్‌తో వచ్చినంత ట్రైఫ్లోరోఎసిటేట్ లవణం, 2.5 మిల్లీమోలార్ అమ్మోనియం వేసినది. చివరిదానిలో హెటరోసిస్టులు రాకూడదు. వస్తే మీ రకమే మారిపోయి ఉంటుంది. మాధ్యమంలోని ప్రోటియేజులు పెప్టైడ్‌ను తింటాయన్నది గుర్తుపెట్టుకుని, 24 గంటలు దాటే ప్రయోగాల్లో తాజా మాధ్యమం, తాజా పెప్టైడ్ ఇవ్వండి. 48 గంటలకు హెటరోసిస్టులు తిరిగి వస్తే పెప్టైడ్ విఫలమైందని వెంటనే రాసేయకండి. ముందు పెప్టైడ్ మిగిలి ఉందో లేదో చూడాలి.

కాపర్‌తో నడిచే పెట్‌ఈ ప్రమోటర్ (జన్యువును నడిపించే డీఎన్‌ఏ ముక్క) కింద పాట్‌ఎస్ పెట్టినవాళ్ళకు వేరే చిక్కు. మామూలు బీజీ-11లోనే కాపర్ సల్ఫేట్ లీటరుకు 0.079 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 0.3 మైక్రోమోలార్, ఉంటుంది. అది ప్రమోటర్‌ను నడపడానికి చాలు. "ఆపి ఉంచిన" స్థితి కావాలంటే సూక్ష్మమూలకాల ద్రావణాన్ని కాపర్ లేకుండా కలపాలి, గాజును ఆమ్లంతో కడగాలి.

లెక్కపెట్టేటప్పుడు కంటికి కనబడేదాన్ని నమ్మండి, కానీ రెండు గుర్తులతో. సూక్ష్మదర్శినిలో హెటరోసిస్ట్ పక్క కణాల కన్నా కాస్త పెద్దగా, పాలిపోయి, గోడ దళసరిగా ఉంటుంది. పక్క కణంతో కలిసే చోట రెండు కొసల్లో వెలుగును విరిచే మెరుపు చుక్కలు కనిపిస్తాయి. అవి సైనోఫైసిన్ గుళికలు. ఆకుపచ్చ కాంతితో చూస్తే శాకీయ కణాలు ఎర్రగా మెరుస్తాయి, హెటరోసిస్ట్ మసకబారుతుంది. అనుమానం ఉంటే 0.5 శాతం ఆల్సియన్ బ్లూ చుక్క వేయండి, పాలిశాకరైడ్ పొర నీలంగా తేలుతుంది. ఇంకా పూర్తిగా మారని ప్రోహెటరోసిస్టులు ఈ రంగును తక్కువగా పడతాయి, కాబట్టి ఏది లెక్కలోకి వస్తుందో ముందే నియమం రాసుకోండి. విభజన మధ్యలో ఉన్న కణాన్ని ఒకటిగా లెక్కించాలా రెండుగానా అన్నదానికీ అంతే. ఎవరు లెక్కించినా ఒకే నియమం పాటించాలి, వీలైతే ఏ ఫ్లాస్కు ఏదో తెలియకుండా.

సగటు ఒక్కటే చాలదు. రెండు వైపులా హెటరోసిస్ట్ ఉన్న దూరాలను మాత్రమే తీసుకుని, ఒక్కో కల్చర్‌కు కనీసం రెండు వందల దూరాలు, మూడు స్వతంత్ర కల్చర్లు లెక్కించి, ఏ దూరం ఎన్నిసార్లు వచ్చిందో చూపే చిత్రపటం గీయండి. కణాలు యాదృచ్ఛికంగా మారితే అతి చిన్న దూరాలే అన్నింటికన్నా ఎక్కువగా వస్తాయి. క్రమం ఉన్న తంతువులో శిఖరం పది దగ్గర వస్తుంది, సున్నా, ఒకటి, రెండు కణాల దూరాలు దాదాపుగా ఉండవు. పాట్‌ఎస్ ఉత్పరివర్తకంలో శిఖరం సున్నా దగ్గరికి జరుగుతుంది. హెటరోసిస్ట్ శాతం ఒకేలా ఉన్న రెండు రకాలు ఈ చిత్రంలో వేరుగా కనిపించవచ్చు. మీ థీసిస్‌లో శాతం పట్టిక కన్నా ఈ చిత్రానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

చివరికి, పాట్‌ఎస్ తీసేసి హెటరోసిస్టులు పెంచితే పొలానికి నత్రజని ఎక్కువొస్తుందా అన్న మీ చిన్న ప్రశ్న. రాదు. పాట్‌ఎస్ లేని తంతువు గాలి నత్రజని మీద మామూలు రకం కన్నా నెమ్మదిగా పెరుగుతుంది, ఎందుకంటే చక్కెర ఇచ్చే కణాలు తగ్గిపోతాయి. మన వరి మడుల్లో వాడే అజొల్లా ఆకు గూడుల్లోని సైనోబాక్టీరియాలో హెటరోసిస్టులు 20 నుంచి 30 శాతం దాకా ఉంటాయన్నది నిజమే. కానీ అక్కడ కర్బనం మొక్క నుంచి వస్తుంది, తయారైన అమ్మోనియా మొక్కకే పోతుంది. ఆ శాతాన్ని స్వేచ్ఛగా బతికే 7120కి ఆపాదించకూడదు.

మీరు పెప్టైడ్‌ను ఏ గంటకు వేశారు, పొడి ఏ లవణం, ఇన్నాక్యులం ఓడీ ఎంత, 24 గంటల దూరాల చిత్రం ఎలా ఉంది - ఈ నాలుగు పెట్టండి, మిగతాది చూద్దాం.